కింది వరసలో మొదటి మేకు

దారాల అక్కగారు పోయారని ఆవిడ తమ్ముడు భీమవరం నుంచి ఫోన్ చేసినప్పుడు నేను బీరువా సర్దుతున్నాను. చీరలు రంగుల వారీగా పేర్చడం నా పద్ధతి. లేతవి పైన, ముదురువి కింద. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని, ఆయన చెప్పేది వింటూనే ఒక నీలం చీర తీసి నీలాల దగ్గర పెట్టాను. పెట్టాక గానీ నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు.

"నిద్దట్లోనే పోయిందండి. బాధేం పడలేదు," అన్నాడాయన. "పెద్దకర్మకి ఒకసారి రండి టీచరుగారూ. మీకిమ్మని అక్క ఒక సంచి ఉంచింది."

వస్తానన్నాను.

నాకు సర్దుడు పిచ్చి ఉంది. ఇది మా ఇంట్లో అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్న సంగతి. పైగా హైస్కూల్లో డ్రాయింగు టీచరుని కాబట్టి, ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలో నాకే తెలుసునన్న పొగరు కూడా ఉంది. మావారు అప్పుడప్పుడు అంటుంటారు: "నువ్వు సర్దితే వస్తువులు అందంగా ఉంటాయి. కావలసినప్పుడు దొరకవు, అంతే." ఆ మాటకి ఎన్నోసార్లు నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. కళ్ళు పోయిన మనిషి గది సర్దిపెట్టి, ఆవిడకి మిగిలి ఉన్న చేతుల మీద నమ్మకాన్ని కూడా నేనే పోగొట్టాను. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. చెప్పుకోవడానికి ఇంకెవరూ లేక ఇక్కడ రాస్తున్నాను.

నరసాపురంలో రేవుకి వెళ్ళే దారిలో మేమున్న ఇంటికి రెండు వాటాలు. పెద్దది మాది. వీధివైపు ఒక్క గది ఆవిడది. ఆవిడ జీవితచరిత్ర నాకు పెద్దగా తెలియదు. భర్త పోయి చాలా ఏళ్ళయిందని, పిల్లలు లేరని, భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడొక్కడే ఉన్నాడని తెలుసు. ఎప్పుడైనా అడగబోతే "మన కథలకేం వచ్చిందిలెండి, ఆ సూదుల డబ్బా ఇలా ఇవ్వండి," అనేది. నాకు తెలిసినదల్లా ఆ గది, కిటికీ కింద జిగ్‌జాగ్ మిషను, దాని ముందు నిటారుగా కూర్చున్న ఆవిడ వీపు.

పండగ బట్టల మీద రంగురంగుల అక్షరాలు కుట్టడం ఆవిడ పని. డిసెంబరు వస్తే చంటిపిల్లల గౌన్ల మీద మెర్రీ క్రిస్మస్. ఆ వెంటనే హ్యాపీ న్యూ ఇయర్. ఉగాదికి జాకెట్టు వీపు మీద శుభాకాంక్షలు. ఆగస్టులో స్కూలు పిల్లల తెల్లచొక్కాల జేబు మీద మూడు రంగుల్లో జై హింద్. ఊళ్ళో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వచ్చాక కూడా ఆవిడకి పని తగ్గలేదు. కంప్యూటర్ కుట్టిన అక్షరాలన్నీ ఒకే మొహంతో ఉంటాయని, ఆవిడవి పండక్కి వచ్చినట్టు ఉంటాయని బట్టల షాపాయన అనేవాడు.

ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకి ఒక్కటీ రావు. ఆ మాట దాచుకునేది కాదు.

"నాకు ఇంగ్లీషు చదవడం రాదండి. రాయడం వచ్చు," అనేది, ఎంతో మర్యాదగా.

అందుకే మా పరిచయం మొదలైంది. నేను ట్రేసింగ్ కాగితం మీద అక్షరాలు గీసిస్తే, ఆవిడ గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచేది. ఆ కాగితం బట్ట మీద పరిచి, నీలిమందు కలిపిన కిరసనాయిలు గుడ్డతో రుద్దితే చుక్కల్లో అక్షరం దిగేది. దాని మీద మిషను నడిపేది. బట్టకి అడుగున ముడతలు పడకుండా పాత కాగితం వేసి కుట్టి, తర్వాత చింపేసేది. ఆ కాగితాలు కూడా నావే. మా స్కూలు పిల్లల పాత పరీక్ష పేపర్లు. ఒకసారి ఒక గౌను తిరగేసి చూస్తే, అక్షరాల వెనక ఎవరిదో సున్నా మార్కు చిక్కుకుని ఉంది. ఆ పిల్లాడు ఎక్కడున్నాడో గానీ వాడి సున్నా క్రిస్మస్ చేసుకుందని ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఒకరోజు ఆ మిషను మీద నన్ను కూర్చోబెట్టమని అడిగాను. బొమ్మలు వేసే చెయ్యి కదా, అక్షరం ఎంతలే అనుకున్నాను. నేను కుట్టిన ఎస్ తేలు కుట్టినట్టు వాచిపోయింది. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకుని, అప్పుడు చెప్పింది.

"చేత్తో రాస్తే ఎలాగండీ? చెయ్యి దారి చూపిస్తదంతే. అక్షరానికి మోకాలు కావాలి."

ఆ మిషనుకి కింద కుడిపక్కన ఒక మీట ఉంటుంది. మోకాలితో నెడితే కుట్టు వెడల్పవుతుంది, వదిలితే సన్నబడుతుంది. అక్షరం ఎక్కడ లావెక్కాలో, ఎక్కడ నాజూకవ్వాలో అదంతా ఆవిడ కుడిమోకాలికి తెలుసు. కూరగాయల బండి దగ్గర నిలబడి మాట్లాడుతున్నప్పుడు కూడా ఒక్కోసారి ఆ మోకాలు చీరలోంచి చిన్నగా పక్కకి కదిలేది. ఏదో అక్షరం రాసుకుంటోందని నాకు అర్థమయ్యేది.

ఎవరు బట్ట తెచ్చినా ఆవిడ మొదటి ప్రశ్న ఒకటే. "ఎవరు తొడుక్కుంటారండి?"

"మా చిన్నదండి, మూడేళ్ళు."

"ఏడుస్తదా? నవ్వుతదా?"

వచ్చినవాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు. ఏడ్చే పిల్లయితే మొదటి అక్షరం పసుపుతో మొదలయ్యేది, నవ్వే పిల్లయితే ఏ రంగైనా ఫరవాలేదు. రంగుల విషయంలో ఆవిడకి నాకంటే ఎక్కువ పట్టింపులు. "పసుపు పక్కన తెలుపు పెడితే పసుపుకి జొరం వచ్చినట్టుంటదండి. మధ్యలో ఆకుపచ్చని కూర్చోబెట్టాలి," అనేది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన కూర్చుని లేసు అల్లేదట. పొద్దస్తమానం తెల్లదారం చూసీ చూసీ మొహం మొత్తి, మిషను నేర్చుకుంటానని ఏడిచి సాధించిందట. "అలాగని తెలుపుని తీసిపారేస్తే కుదరదండి. అది లేకపోతే మిగతా రంగులు తేలవు," అని ఒప్పుకునేది, పడని చుట్టం గురించి మంచి చెప్పవలసి వచ్చినట్టు.

ఆ దారాల స్టాండు గురించి చెప్పాలి. గోడకి ఆనించిన ఒక చెక్క. దానికి నాలుగు వరసల మేకులు, వరసకి ఆరు. మేకుకొక రీలు. నా కళ్ళకి అదొక గందరగోళం. గులాబీ పక్కన ముదురాకుపచ్చ, దాని పక్కన కాషాయం, మూలగా ఒక ఊదా. వెళ్ళినప్పుడల్లా నా వేళ్ళు దురదపెట్టేవి. ఒకసారి ఏదో రీలు తీసి చూసి, పక్క మేకుకి తగిలించాను. ఆవిడ మిషను ఆపింది.

"ఎక్కడిదక్కడ పెట్టండి టీచరుగారూ."

అంత కరుకుగా ఆవిడ నాతో మాట్లాడటం అదొక్కసారే. చిన్నబుచ్చుకుని తీసి పెట్టాను. ఆవిడ వెంటనే మెత్తబడి, టీ తాగుతారా అని అడిగింది.

ఇప్పుడు అన్నీ గుర్తొస్తున్నాయి. ఒక ఏడాది ఉన్నట్టుండి "మీ చిల్లుల కాగితాలు ఇంక అక్కర్లేదండి, చేతికొచ్చేశాయి," అంది. నాకు లోపల కొంచెం కష్టమనిపించినా, శిష్యురాలు పైకొచ్చినట్టు సంతోషించాను. కొత్త బట్ట వచ్చినప్పుడల్లా నా చేతిలో పెట్టి, "ఈ రంగుని మీ డ్రాయింగు భాషలో ఏమంటారు?" అని అడిగేది. నేను గొంతు సవరించుకుని, ఇది మెరూన్ అనీ, ఇది ఇటుకరంగు అనీ, ఎరుపులో ఎన్ని రకాలో చెప్పేదాన్ని. ఈ వయసులో ఈవిడకి చిత్రకళ మీద ఎంత ఆసక్తి అని ముచ్చటపడ్డాను. అసలు సంగతేంటంటే, అప్పటికే ఆవిడకి రంగులు కనబడటం మానేశాయి. షుగరు కళ్ళకి వచ్చింది. వెలుగూ నీడా తెలిసేవి, మనిషి ఆకారం తెలిసేది. ఎరుపూ ఆకుపచ్చా పసుపూ అన్నీ కలిసి ఒకే బూడిదరంగు. కంటి డాక్టరు ఇంక చేసేదేం లేదన్నాడట. ఆవిడ ఇంటికి వచ్చి, ఎవరికీ చెప్పకుండా, ఏ మేకుకి ఏ రంగో వేళ్ళకి నేర్పుకుంది. మూడేళ్ళు ఆ వేళ్ళతోనే ఊరందరి పిల్లలకి రంగులు వేసింది.

ఎందుకు చెప్పలేదో కూడా నాకు తెలుసు. తమ్ముడు ప్రతి పండక్కీ బట్టలు పట్టుకుని వచ్చేవాడు. గుమ్మంలో కూర్చుని, "ఎందుకే అక్కా ఈ ఒంటరి బతుకు, వచ్చెయ్యి. నీ మరదలు కూడా రమ్మంటోంది," అని బతిమాలేవాడు. మంచివాడు. మాట వరసకి అనేవాడు కాదు. ఆవిడ జవాబు ఎప్పుడూ ఒకటే.

"మిషను ముందు కూర్చున్నన్నాళ్ళు ఇక్కడే ఉంటానురా. కూర్చోలేని రోజున నువ్వు పిలవక్కర్లేదు, నేనే వస్తా."

ఆవిడకి ఈ లోకంలో కావలసింది మిషను ముందున్న ఆ కుర్చీ ఒక్కటి. కళ్ళ సంగతి బయటపడితే ఆ కుర్చీ ఉండదని ఆవిడకి తెలుసు.

రెండేళ్ళ కిందట నవంబరు చివర్లో తమ్ముడింట్లో వ్రతమని రెండురోజులు భీమవరం వెళ్ళింది. తాళంచెవి నాకిచ్చి, "పిల్లి దూరకుండా చూడండి," అంది. పిల్లి దూరలేదు. నేను దూరాను.

క్రిస్మస్ పని మొదలవబోతోంది, ఆవిడ వచ్చేసరికి గది అద్దంలా ఉండాలి అనుకున్నాను. బూజు దులిపాను. ఫినాయిలు వేసి తుడిచాను. మిషను కింద పేరుకున్న దారపు ముక్కలు ఎత్తాను. ఇవన్నీ అయ్యాక స్టాండు వైపు చూశాను. ఎక్కడిదక్కడ పెట్టండి అన్న మాట గుర్తుకురాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. ఒకసారి పద్ధతిగా పేర్చి చూపిస్తే ఆవిడే మెచ్చుకుంటుందిలే అనుకున్నాను. ఇరవై నాలుగు రీళ్ళూ నేల మీద పోసి, తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, కింది వరసలో ఎరుపుతో మొదలుపెట్టాను. ఎరుపు, నారింజ, కాషాయం, పసుపు, అలా పైకి ఆకుపచ్చలూ నీలాలూ ఊదాలూ. తెలుపూ నలుపూ పైన చివరి మూలకి. వెనక్కి జరిగి చూసుకుంటే ఇంద్రధనుస్సు తెచ్చి గోడకి తగిలించినట్టుంది. అంత సంతోషంగా నేనెప్పుడూ ఏదీ సర్దలేదు. ఫోటో కూడా తీశాను.

ఆవిడ రాగానే వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను, ఏమంటుందోనని.

"ఫినాయిలు వాసనొస్తోంది. తుడిచారా ఏంటి టీచరుగారూ?"

"తుడిచానండి."

"పుణ్యముంటది మీకు. ఎందుకండీ శ్రమ?"

స్టాండు ఎదురుగానే ఉంది. ఆవిడ దాని గురించి ఏమీ అనలేదు. ప్రయాణం చేసి అలిసిపోయింది, రేపు పొద్దున వెలుగులో చూస్తుందిలే అనుకున్నాను. నేను చెప్పలేదు. ఆవిడే చూసి ఆశ్చర్యపోవాలని నా ముచ్చట.

మర్నాటి నుంచి మా స్కూల్లో పరీక్షలు. పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేదాన్ని. అవతలి వాటాలో మిషను చప్పుడు ఆగకుండా వినబడేది. బట్టల షాపాయన ముప్ఫై ఎర్రగౌన్లు ఇచ్చాడు, అన్నీ రెండేళ్ళలోపు పిల్లలవి. ఆవిడ వాటిని ఆరు రోజుల్లో కుట్టేసి, మడతపెట్టి, మూటకట్టి పంపింది.

ఆదివారం ఉదయం నేను ఆవిడకి కాఫీ పట్టుకెళుతుంటే షాపాయన స్కూటరు ఆగింది. మూట తిరిగి తెచ్చాడు. మర్యాదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచి ఎరగడు.

"అక్కగారూ, ఒక చిన్న సంగతండి," అంటూ ఒక గౌను తీసి మిషను బల్ల మీద పరిచాడు.

నేను ముందు చూశాను. మొదటి అక్షరం లేదు. రెండోది ముదురునీలం. మూడోది నలుపు. తర్వాత ఒకటి మళ్ళీ లేదు. దగ్గరికి వెళ్ళి వంగి చూస్తే ఉన్నాయి. ఎర్రగుడ్డ మీద ఎర్రదారంతో కుట్టి ఉన్నాయి.

"పండగపూట చంటిపిల్లల బట్టల మీద నలుపేంటండీ? ఎవరు తీసుకుంటారు చెప్పండి," అన్నాడాయన నెమ్మదిగా.

"నలుపా? నలుపు రీలు నేను ముట్టుకోనే లేదండి. అది పసుపు."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, వేలు తీసుకెళ్ళి మొదటి అక్షరం మీద పెట్టాడు.

"ఇదండీ?"

"తెలుపు," అంది. ఎంత నిబ్బరంగా అందంటే, ఒక్క క్షణం నేను కూడా మళ్ళీ చూశాను.

ఆయన నావైపు చూశాడు. నేను స్టాండువైపు చూశాను. కింది వరసలో మొదటి మేకుకి, ఆవిడ చేతికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న మేకుకి, ఎర్ర రీలు ఉంది. అక్కడ నేను పెట్టింది. రెండు సంగతులు నాకు ఒక్కసారే తెలిశాయి. ఆవిడకి కనబడదని, నేనేం చేశానని. చేతిలో కాఫీ గ్లాసు కాలుతున్నా కింద పెట్టాలని తోచలేదు.

"అక్కగారూ, మీకు కనబడటం లేదా అండి?"

ఆవిడ చిన్నగా నవ్వింది. "కనబడక మూడేళ్ళయింది బాబూ. ఈ మూడేళ్ళలో మీకొక్క గౌను తిరిగొచ్చిందా?"

"లేదండి."

"అయితే ఇది కళ్ళ తప్పు కాదు కదండీ."

రెండు చేతులూ ఎత్తి మొహానికి దగ్గరగా పెట్టుకుంది, అటూ ఇటూ తిప్పింది. అప్పుడు నావైపు తిరిగి, నేనెక్కడ నిలబడ్డానో సరిగ్గా అటే చూస్తూ అంది.

"కళ్ళు పోయిన సంగతి నాకు తెలుసు టీచరుగారూ. చేతులు పోయాయని ఇవాళే తెలిసింది."

అప్పుడు చెప్పాల్సింది. "రీళ్ళు నేను మార్చానండి" అని మూడు మాటలు. ఎదురుగా షాపాయన ఉన్నాడు. ఆయన వెళ్ళాక చెబుదామనుకున్నాను. ఆయన వెళ్ళాక ఆవిడ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రానికి నాకొక మంచి వాదన దొరికింది. చూపులేని మనిషి, పరిగెత్తే సూది, ఏదో ఒకరోజు వేలు పడితే? ఒకందుకు ఇలా బయటపడటమే మంచిది. నా తప్పుకి అంత చక్కని బట్ట తొడిగాను. షాపాయన పాపం తమ్ముడికి ఫోన్ చేశాడు, మేలు చేస్తున్నాననుకునే. మూడోరోజు తమ్ముడు చిన్న ట్రక్కు ఆటో మాట్లాడుకుని వచ్చాడు. ఈసారి అతను బతిమాలలేదు. ఆవిడ అన్నమాట ప్రకారం లేచి బయల్దేరింది.

మిషను షాపాయనే ఎవరికో ఇప్పించాడు. స్టాండు మాత్రం ఆవిడ ఇవ్వలేదు. ఒక్క రీలూ పడిపోకుండా పాత చీరతో చుట్టించి, ఆటోలో తమ్ముడి పక్కన కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. ఆటో కదిలేటప్పుడు ఆవిడ కుడిమోకాలు చూశాను. కదలడం లేదు.

ఆ గౌన్లలో ఒకటి షాపాయన్ని అడిగి తెచ్చుకున్నాను. కుట్టు విప్పినా చిల్లులు మిగిలిపోతాయి కాబట్టి అవి ఇక పనికిరావన్నాడు. ఎవరూ లేనప్పుడు దాన్ని తీసి, కళ్ళు మూసుకుని, వేలితో తడుముతుంటాను. ఒక్క అక్షరం తప్పు లేదు. ఎక్కడ లావెక్కాలో అక్కడ లావుగా, ఎక్కడ సన్నబడాలో అక్కడ సన్నగా, చిల్లుల కాగితం లేకుండా, చూపు లేకుండా, అంత అందంగా ఉంది.

తర్వాతి వేసవి సెలవుల్లో భీమవరం వెళ్ళాను. ఈసారి చెప్పే తీరాలని రైల్లో కూర్చుని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. శుభ్రమైన ఇల్లు, చల్లటి వసారా. ఆవిడకి ఏ లోటూ లేదు. మరదలు కంచంలో ఏది ఎక్కడుందో చెప్పి మరీ పెడుతోంది. ఆవిడ కొంచెం లావయింది. నా గొంతు వినగానే మొహం వెలిగింది. పక్కన కూర్చోబెట్టుకుని, నా చీర కొంగు వేళ్ళ మధ్య నలుపుతూ, "ఇదేం రంగండి, మీ భాషలో?" అంది.

"నెమలికంఠం అండి."

"బావుంటది మీకు." గొంతు తగ్గించి అడిగింది. "టీచరుగారూ, మీరు రోజూ నా గదిలోకి వచ్చేవారు కదా. ఒక్కమాట చెప్పండి. స్టాండులో కింది వరస మొదటి మేకుకి తెలుపే కదండీ ఉండేది?"

ఇంతకంటే తేలిగ్గా నాకు ఎవరూ తలుపు తియ్యలేరు.

"అవునండి. తెలుపే," అన్నాను.

"తెలుపే కదా! నాకు గుర్తుంది. మొదట తెలుపు." ఆవిడ తల ఊపింది. "మరైతే చెయ్యే అటు పోలేదన్నమాట. ఎటో పోయింది. మతిమరుపు ముందు చేతులకొస్తదేమోనండి."

చెబితే తిడుతుందని కాదు. తిట్టదని భయమేసింది. "పోన్లెండి, కావాలని చేశారా," అంటుంది. అని, లోపలికి తిరిగి, ఇంకో రెండేళ్ళో మూడేళ్ళో ఆ కుర్చీలో కూర్చోగలిగి ఉండేదాన్నని లెక్కేసుకుంటుంది. అది నేను చూడలేననుకున్నాను. ఇంతలో మరదలు మజ్జిగ తెచ్చింది. తాగాను. బావుందన్నాను. సాయంత్రం బండికి వచ్చేశాను. ఆ తర్వాత వెళ్ళలేదు.

మొన్న పెద్దకర్మకి వెళ్ళాను. భోజనాలయ్యాక మరదలు లోపలి గదిలోకి పిలిచి గుడ్డసంచి చేతికిచ్చింది. పట్టుకోగానే తెలిసింది, చెక్క, మేకులు.

"టీచరుగారికి రంగులు తెలుసు, ఆవిడ దగ్గరుంటే మంచిదని చెప్పారండి వదినగారు," అంది. "రోజూ మధ్యాహ్నం దీన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారండి. నన్ను పిలిచి, కింది నుంచి ఒక్కో రీలూ పట్టుకుని అప్పజెప్పేవారు. 'ఇది తెలుపు' అనేవారు. 'కాదు వదినా, ఎరుపు' అనేదాన్ని. 'ఇది పసుపు.' 'కాదు వదినా.' ఒక్కటీ సరిపోయేది కాదండి. తన నెత్తిన తనే ఒక మొట్టికాయ వేసుకుని, 'మళ్ళీ రేపు' అనేవారు. రెండేళ్ళండి. ఒక్కరోజు మానలేదు."

నేను సంచి మీంచే మేకులు తడుముతున్నాను.

"జాలేసి, సరిగ్గా చెప్పారు వదినా అందామనుకునేదాన్ని ఒక్కోసారి. అబద్ధమని తెలిసిపోతదేమోనని భయం. పోనీ ఆవిడ చెప్పినట్టే రీళ్ళు మార్చి పెట్టేద్దామా అని కూడా అనుకున్నానండి. మావారు ఒప్పుకోలేదు. అక్కకి వరస కదిపితే కోపం, ముట్టుకోకు అన్నారు. అందుకని ఇంట్లో ఎవరం ఒక్కటి కూడా కదపలేదు. అక్కడి నుంచి వచ్చినప్పుడెలా ఉందో అలాగే ఉందండి. చూసుకోండి."

చూసుకోనక్కర్లేదు. నా ఫోన్లో ఫోటో ఉంది.

ఇంటికి తెచ్చి ఇవాళ విప్పాను. ఎరుపు, నారింజ, కాషాయం, పసుపు. కింది వరస రీళ్ళు ఆవిడ వేళ్ళకి నలిగి నలిగి దారం పీచులేచింది. అన్నీ ఊడదీసి ఒళ్ళో పోసుకున్నాను. తెల్లరీలు వెతికి, కింది వరసలో మొదటి మేకుకి పెట్టాను. రెండోది ఏది? మరదలిని ఫోన్లో అడిగాను, వదినగారు రెండోదాన్ని ఏమనేవారని. పసుపనేవారో ఆకుపచ్చనేవారో, సరిగ్గా గుర్తులేదండి, ఎలాగూ తప్పే కదా అని మనసు పెట్టలేదండి, అంది. పదేళ్ళు ఆ గదిలోకి వెళ్ళాను. రోజూ చూశాను. చూసినప్పుడల్లా దాన్ని ఎలా మార్చాలా అని తప్ప, అది ఎలా ఉందో ఒక్కసారీ చూడలేదు. పసుపు రీలు పెట్టాను. తీశాను. ఆకుపచ్చది పెట్టాను. అదీ తీశాను. నాకు తెలిసిన వరస ఒక్కటే, అది నాది.

మావారు హాల్లోంచి వెళుతూ ఆగి చూశారు.

"ఏంటి, ఇంకా సర్దడం అవలేదా?" అన్నారు.

అవలేదన్నాను.